నాలుగో మూల

మిత్కాల్ ముప్పై ఆరేళ్ళపాటు ఊరందరి కార్లూ పరీక్ష చేశాడు గానీ సొంతానికి ఒక్క కారూ కొనుక్కోలేదు. జర్కాలో ఇది అందరికీ తెలిసిన సంగతే. పొద్దున్నే బస్సులో వచ్చి, పగలంతా కార్ల కింద వెల్లకిలా పడుకుని, సాయంత్రం మళ్ళీ బస్సులో నిలబడి ఇంటికి పోయేవాడు. ఎందుకలా అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు. "మీకు కారు పైనుంచి కనిపిస్తుంది. నాకు కిందనుంచి కనిపిస్తుంది. అందుకే మీరు కొంటారు, నేను కొనను."

మా దగ్గర పాత బండి చేతులు మారాలంటే ముందు పరీక్షా కేంద్రం గడప తొక్కాలి. అక్కడ బండి అడుగున ఉండే చాసీ చట్రం నాలుగు మూలలూ చూసి ఒక్కో మూలకు ఒక్కో మాట రాసిస్తారు. దెబ్బ తగలని మూలకు ‘జయ్యిద్’ అని రాస్తారు, బాగుందని. నాలుగూ బాగుంటే ఆ బండి ‘నాలుగు జయ్యిద్’. ఈ మాట కార్ల దగ్గరే ఆగిపోలేదు. పెళ్ళి సంబంధం వస్తే పిల్ల మేనమామలు "కుర్రాడు నాలుగు జయ్యిదేనా?" అని అడుగుతారు. కుర్రాడి తల్లి అక్కడే ఉన్నా సరే అడుగుతారు. మిత్కాల్ మాత్రం ఆ మాటను మహా పిసినారిగా వాడేవాడు. అతని ఎడం జేబులో ఒక చిన్న చాకు ఉండేది. రంగు మీద అనుమానం రాగానే గోరంత మేర గీకేవాడు. కింద ఫ్యాక్టరీ అతుకు కనిపిస్తే సరే, ఎవడో వెల్డింగు పెట్టి మెత్తిన లప్పం కనిపిస్తే ఆ బేరం అక్కడితో సరి. అతను వస్తున్నాడంటే అమ్మేవాళ్ళ గుండెల్లో రాయి పడేది. కొనేవాళ్ళు అతని వరసలోనే నిలబడేవాళ్ళు.

అతనికి పిల్లలు కలగలేదు. భార్య ఫిద్దా కాపురానికొస్తూ తల్లిలేని తొమ్మిదేళ్ళ తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చింది. వాడి పేరు సత్తామ్. మగవాణ్ణి పెద్దకొడుకు పేరుతో ఫలానావాడి తండ్రి అని పిలవడం ఇక్కడి మర్యాద కదా. కొడుకు లేని మనిషిని ఏమని పిలవాలో తెలియక వీధివాళ్ళు కొన్నేళ్ళు తంటాలుపడి, చివరికి ఆ బావమరిది పేరే తగిలించారు. అబూ సత్తామ్. అంటే సత్తామ్ తండ్రి. ఆ పిలుపు మొదట వినిపించింది నువ్వుల రొట్టెలమ్మేవాడి నోట. ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే అయినా మిత్కాల్ ఆరు రొట్టెలు కొనుక్కుపోయాడు. గ్లాసులో టీ కూడా వెలుతురుకు పట్టి చూసిగానీ తాగని మనిషి, ఆ పేరును మాత్రం అటూ ఇటూ తిప్పి చూడకుండా పుచ్చుకున్నాడు.

కార్లంటే ఇష్టం లేక కొనలేదనుకుంటే పొరపాటు. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే అతని ముందుకు పచ్చరంగు ట్రయంఫ్ ఒకటి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు చేసిన రెండు సీట్ల బండి, పైకప్పు మడిచి వెనక్కి పడేయొచ్చు. అమ్మాన్‌లో వైబ్దే కొండ మీద ఉండే పళ్ళ డాక్టరు దేశం విడిచిపోతూ అమ్మేస్తున్నాడు. మిత్కాల్ దాని కింద గంటన్నర పడుకున్నాడు. దెబ్బ లేదు, అతుకు లేదు, దాచిపెట్టింది లేదు. నాలుగు గళ్ళూ నింపి, రిమార్కుల గడి ఖాళీగా వదిలేశాడు. తర్వాత ముప్పై ఆరేళ్ళలో ఆ గడి మళ్ళీ ఖాళీగా వదల్లేదు. ఈ సంగతి అతను ఒక్కడికే చెప్పాడు. ఒక జనవరి పొద్దున, వానలో, స్కూలు సంచీ నెత్తిన పెట్టుకుని బస్టాపులో పక్కనే నిలబడ్డ సత్తామ్‌కు. "మనం కారెప్పుడు కొంటాం బావా?" అని వాడడిగితే, ఆ పచ్చ కారు కథంతా చెప్పి, "అలాంటిది మళ్ళీ దొరికినప్పుడు," అన్నాడు. బస్సు వచ్చేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

ఇప్పుడు సత్తామ్‌కు నలభై ఆరేళ్ళు. అకబా రేవులో ఏజెంటు. ఓడల్లో దిగిన బండ్లకు కస్టమ్స్ కాగితాలు చేయించి బయటికి తెస్తాడు. ఈ ఏజెంట్ల జాతి మీద మిత్కాల్‌కు బొత్తిగా నమ్మకం లేదు. "వరదలో మునిగిన బండిని ఎండబెట్టి, సీట్లకు అత్తరు కొట్టి మా మొహాన కొట్టేది మీరే," అని సత్తామ్ ముందే అనేవాడు. "ఔను బావా, అందుకే నీకింత పని దొరికింది. మాకు థాంక్స్ చెప్పు," అని సత్తామ్ నవ్వేసేవాడు.

మొన్న వసంతంలో మిత్కాల్ రిటైరయ్యాడు. రెండు నెలలు ఇంట్లో కూర్చునేసరికి ఫిద్దాకు ఊపిరాడలేదు. తలుపు బందులు చూశాడు. ఆలివ్ నూనె డబ్బా మూత తీసి వాసన చూసి, ఇది మనం కొన్న నూనె కాదన్నాడు. పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు ఎందుకు కారుతోందో వాళ్ళకే వెళ్ళి చెప్పొచ్చాడు. ఫిద్దా తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరేయ్, ఇక నన్ను జాకీ మీద ఎత్తడమొక్కటే మిగిలింది. ఈయనకేదైనా పని చూపించు."

వారం తిరక్కుండా సత్తామ్ నుంచి ఫోనొచ్చింది.

"బావా, ఇంగ్లండులో హల్ అనే ఊళ్ళో ఒక ముసలాయన దగ్గర ట్రయంఫ్ ఉంది. పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరయ్యాడు. బండి అరవై ఎనిమిదో సంవత్సరంలో చేసింది. పచ్చది."

"ఎందుకమ్ముతున్నాడు?"

"మోకాళ్ళు పోయాయట. అంత కిందికి కూర్చుని లేవలేకపోతున్నాడు."

"అమ్మేవాళ్ళందరికీ మోకాళ్ళే పోతాయి."

అలా అన్నాడే గానీ ఆ రాత్రి భోజనంలో ఉప్పు ఎక్కువైందని కూడా గమనించలేదు. మర్నాడు నలభై ఒక్క ప్రశ్నలు రాసి పంపించాడు. సత్తామ్ వాటిని ఇంగ్లీషులో పెట్టించి హల్‌కు పంపాడు. ఆ పోస్ట్‌మాన్ నలభై ఒకటికీ ఓపిగ్గా జవాబిచ్చాడు. ఏ ఏడు ఏ బోల్టు మార్చాడో రాశాడు. వాళ్ళ ఊళ్ళో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారట. ఆ ఉప్పు ఇనుమును తినేయకుండా ఏటా చలికి ముందే కారు కింద తన చేత్తో నల్లటి మైనం పూస్తాడట. మిత్కాల్ ఆ జవాబులు రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఇంత ఓపికెక్కడిదయ్యా? నిజం చెప్పేవాడు పదో ప్రశ్నకే విసుక్కుంటాడు," అన్నాడు.

ఫోటోలు అడిగాడు. వచ్చాయి. ఆ ఫోటోలు ఎప్పటివో అని, పక్కన ఆ రోజు పేపరు పెట్టి మళ్ళీ తీయమన్నాడు. అవీ వచ్చాయి. నేల మీద పేపరు, దాని పక్కన చక్రం, ఫోటో అంచున ముసలాయన చెప్పులు. మోకాళ్ళ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి మిత్కాల్ భూతద్దంతో చూసిందల్లా ఆ చెప్పుల అరుగుదలే.

కారు ధర ఒక ఎత్తయితే, దాని వెంట వచ్చే చుట్టాలు ఒక ఎత్తు. ఓడ కిరాయి, బీమా, రేవు కూలి, కస్టమ్స్ సుంకం, అమ్మకపు పన్ను, ఇంత పాత బండిని దేశంలోకి రానివ్వడానికి వేరే అనుమతి, నంబరు ప్లేటు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ములో కారు కోసమని తీసిపెట్టింది ఇంతే అని మిత్కాల్ ఒక గీత గీసుకున్నాడు. మిగతా ఖర్చులు పోను బండి ధరే ఇంగ్లీషు డబ్బులో ఐదువేల పౌండ్లు దాటితే కారు వద్దే వద్దన్నాడు. అతను గీత గీస్తే గీతే. సత్తామ్ వారం బేరమాడి బిల్లు పంపించాడు. నాలుగువేల ఎనిమిది వందలు.

ఇక్కడ పట్టుకుంది అసలు అనుమానం. ఇలాంటి బండి ఇంత తక్కువకు రాదు. మిత్కాల్‌కు ధరలు తెలుసు. కింద ఏదో ఉంది, లేదా మధ్యలో ఎవరో ఉన్నారు. మధ్యలో ఉన్నది ఒక్కడే.

ఆ మాట అతను పైకనలేదు గానీ, ముప్పై ఏడేళ్ళు కాపురం చేసిన ఫిద్దాకు అతని చేయి ఎడం జేబులోకి పోవడం కనిపించింది. వంకాయలు తరుగుతున్నదల్లా ఆపింది.

"విను. నాకున్నది ఒక్క తమ్ముడు. నీకున్నదీ వాడొక్కడే. కారును గీక్కో, ఓడను గీక్కో, రేవంతా గీక్కో. వాడి మీద ఆ చాకు పెట్టావంటే మాత్రం ఈ ఇంట్లో నీకు వండిపెట్టే మనిషుండదు."

"నేనేమన్నాను?"

"నీ చెయ్యి అంది."

*

ఓడ జూలైలో వచ్చింది. మిత్కాల్ బస్సెక్కి అకబా వెళ్ళాడు. ఎడారి మీదుగా ఐదు గంటలు. సత్తామ్ రేవు బయట ఎదురొచ్చి, ముద్దుపెట్టి, ముందు తిండి సంగతి చూద్దాం పదమని చేపల పులావు పెట్టించాడు. మిత్కాల్ చేప మొప్ప ఎత్తి చూశాడు.

"చచ్చింది బావా. నేను హామీ," అన్నాడు సత్తామ్.

మిత్కాల్ నవ్వాడు. నవ్వుతూనే వాడి మొహం వైపు చూశాడు. వాడు ముళ్ళు ఏరేసి చేప ముక్కలు మిత్కాల్ పళ్ళెంలో వేస్తున్నాడు. ఎప్పుడూ లేంది ఈ సేవ ఏమిటి అనిపించింది. నిజానికి వాడు ఎప్పుడూ తీసేవాడే. కానీ అనుమానం పట్టినవాడికి పాతవి కూడా కొత్తగానే కనిపిస్తాయి.

రేవు యార్డులో రేకుల నీడన కారు నిలబెట్టి ఉంది. పచ్చగా, పొట్టిగా, అతని నడుం దాకా కూడా రాకుండా ఉంది. మిత్కాల్ దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. మనసు ఆగలేదు, బానెట్ మీద అరచేయి ఆనించాడు. ఎండకు కాలిపోతోంది, అయినా తీయలేదు. తర్వాత కండువా పరుచుకుని కిందికి దూరాడు.

ముందు కుడి మూల బాగుంది. ముందు ఎడమ బాగుంది. వెనక కుడి బాగుంది. అన్నిటి మీదా ముసలాయన చెప్పిన నల్ల మైనం, బ్రష్షు గీతలతో సహా. వెనక ఎడమ మూలలో మాత్రం మైనం రెండింతలు మందంగా ఉంది. ఇదిగో, ఇక్కడుంది. చాకు తీసి గీకాడు. మైనం లేచింది. దాని కింద ఇంకో పొర మైనం. అదీ లేచింది. దాని కింద ఫ్యాక్టరీ రంగు. గోరంత అన్నది అరచేయంత అయింది. రంగు కూడా లేపాడు. ఇనుము తెల్లగా మెరిసింది. అతుకు లేదు. లప్పం లేదు. ఆ మూలన నీళ్ళు ఎక్కువ చిమ్ముతాయని ముసలాయన ఎక్కువ పూశాడు, అంతకుమించి ఏమీ లేదు.

మామూలు మనిషైతే అక్కడ ఊపిరి పీల్చుకునేవాడు. మిత్కాల్‌కు అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది. కింద లేదంటే మధ్యలో ఉన్నట్టే. లేచి కారులో కూర్చుని డాష్‌బోర్డు అర తెరిచాడు. బండి వాడకం పుస్తకం, దాని అట్టలో మడిచిన కాగితం. హల్ నుంచి ముసలాయన పెట్టిన బిల్లు నకలు. మిత్కాల్‌కు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. ఆరువేల ఎనిమిది వందలు.

చొక్కా జేబులోంచి సత్తామ్ పంపిన బిల్లు తీసి పక్కన పెట్టి చూశాడు. అదే కారు, అదే నంబరు, అదే తేదీ. ఒకదాంట్లో నాలుగు, ఒకదాంట్లో ఆరు.

ఒక బండికి రెండు బిల్లులంటే రేవులో దానికి ఒకటే అర్థం. తక్కువ బిల్లు కస్టమ్స్‌కు చూపించి సుంకం ఎగ్గొడతారు. దొరికితే ఏజెంటు జారుకుంటాడు, సంతకం పెట్టినవాడు ఇరుక్కుంటాడు. ముప్పై ఆరేళ్ళలో ఒక్క అబద్ధపు అక్షరం రాయని చేత్తో ఈ గాడిద తనచేత దొంగ కాగితం మీద సంతకం పెట్టించబోయాడు. కాగితాలు రెండూ పట్టుకుని విసవిసా నడిచాడు.

సత్తామ్ కస్టమ్స్ ఆఫీసులో కిటికీ ముందు నిలబడి ఉన్నాడు. చుట్టూ ఏజెంట్లు, డ్రైవర్లు, హమాలీలు. మిత్కాల్ రెండు కాగితాలూ వాడి మొహం ముందు ఆడించాడు.

"ఏంట్రా ఇవి?"

సత్తామ్ చూశాడు. వాడి మొహంలో రంగు మారింది. మిత్కాల్ వెతుకుతున్నది అదే. "బావా, బయటికి రా. బయట చెప్తాను."

"ఇక్కడే చెప్పు. నాచేత దొంగ బిల్లు మీద సంతకం పెట్టిస్తావా? ఎన్ని బండ్లకు చేశావిలా?"

"అబూ సత్తామ్, కాస్త నెమ్మది," అన్నాడు ఎవరో పెద్దమనిషి, టీ గ్లాసుతో.

"ఆ పేరుతో పిలవకండి నన్ను," అన్నాడు మిత్కాల్. అని ఊరుకుంటే బాగుండేది. "తొమ్మిదేళ్ళప్పుడు నా ఇంటికొచ్చావు. లోకంలో అన్నిటినీ గీకి చూశాను, నిన్నొక్కణ్ణే చూళ్ళేదు. చూడాల్సింది."

కిటికీ అవతల కళ్ళజోడు పెట్టుకున్న ఆఫీసరమ్మ తలెత్తి, రెండు కాగితాలూ ఇలా ఇమ్మంది. ఫైలు తెరిచి వేలు పెట్టి చూసుకుంది.

"మాకిచ్చిన బిల్లు ఆరువేల ఎనిమిది వందలదే. సుంకం, పన్ను అంతా దాని మీదే కట్టారు. ఇదిగో రసీదు." రెండో కాగితాన్ని రెండు వేళ్ళతో వెనక్కి తోసింది. "ఈ నాలుగువేల ఎనిమిది వందలది మా దగ్గరికి రాలేదు. ఇది మీకెవరు చూపించారో మీరే కనుక్కోండి."

మిత్కాల్ ఆ కాగితం వెనక్కి తీసుకున్నాడు. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. దొంగ బిల్లు ఉన్న మాట నిజమే. అది ప్రభుత్వానికి చూపించడానికి కాదు, తనకు చూపించడానికి. ఐదువేల దగ్గర తను గీసిన గీత దాటకుండా బిల్లులో తగ్గించి చూపిన రెండువేలూ, వాటి మీద పడ్డ సుంకమూ ఎవరు కట్టారో ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది.

సత్తామ్ జేబులోంచి కారు తాళాలు తీసి కిటికీ అరుగు మీద పెట్టాడు. "కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. సంతకం పెట్టుకోండి ముఅల్లిమ్," అన్నాడు. ముఅల్లిమ్ అంటే మేస్త్రీ గారూ అన్నట్టు. పరీక్షా కేంద్రంలో ముక్కూమొహం తెలియని గిరాకీలు పిలిచే పిలుపు అది. అనేసి వెళ్ళిపోయాడు.

మిత్కాల్ సంతకం పెట్టాడు. తాళాలు మాత్రం చేత్తో ముట్టుకోలేకపోయాడు. వాటిని తీసిపెట్టమని సత్తామ్ గుమాస్తాకు చెప్పి, బస్టాండుకు నడిచాడు. కారు తెచ్చుకోవడానికి వెళ్ళిన మనిషి బస్సులో తిరిగొచ్చాడు. వెనక సీట్లో కూర్చుని ఐదు గంటలూ కిటికీ బయటికి చూశాడు గానీ, బయట ఏముందో అడిగితే చెప్పలేడు.

*

ఫిద్దా మాంసమూ వంకాయలూ వేసిన అన్నం, మక్లూబా వండి, తమ్ముడు కూడా వస్తాడని మూడు పళ్ళేలు పెట్టి ఉంచింది. జరిగిందంతా మిత్కాల్ దాచకుండా చెప్పాడు. రిపోర్టు చదివినట్టు వరసగా చెప్పాడు. ఆమె అరవలేదు. మూడు పళ్ళేలూ తీసి లోపల పెట్టింది. మర్నాడు పొద్దున్నే సంచీ సర్దుకుని అకబా బస్సెక్కింది.

ఇరవై రెండు రోజులు. మొదటి వారం మిత్కాల్ తనను తాను సమర్థించుకున్నాడు. అబద్ధం ఉందని పట్టుకున్నాను కదా, ఉంది కదా, నా చాకు తప్పు చెప్పలేదు కదా అనుకున్నాడు. రెండో వారం ఆ వాదన తనకే రోత పుట్టింది. రొట్టెలవాడు ఎప్పటిలాగే "అబూ సత్తామ్, ఎన్ని?" అని కేకేస్తే, జవాబు చెప్పలేక వీధి మార్చి నడిచాడు. అబద్ధమెక్కడుందో వెతకడమే నేర్చుకున్నాడు గానీ, అబద్ధం ఎవరి మేలు కోసం ఉందో వెతకడం అతనికెవరూ నేర్పలేదు. సత్తామ్‌కు పదిసార్లు ఫోన్ చేశాడు. వాడు ఎత్తలేదు. ఇరవై ఒకటో రోజు ఫిద్దాయే చేసింది.

"క్షమించు గిమించు లాంటి మాటలు వాడు వినడట. నీది కాగితాల వృత్తి కాబట్టి కాగితమే తెమ్మన్నాడు. వాణ్ణి గీకి చూసి రిపోర్టు రాసి తీసుకురావాలట."

"ఎగతాళి చేస్తున్నాడా?"

"ఏడుస్తూ చెప్పాడు. ఎగతాళో కాదో నువ్వే పరీక్ష చేసుకో."

మిత్కాల్ బీరువాలోంచి పరీక్షా కేంద్రం పాత ఫారం ఒకటి తీశాడు. నాలుగు గళ్ళు, కింద రిమార్కులు, దాని కింద పరీక్షకుడి పేరు. మర్నాటి బస్సులో దాన్ని మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. అకబా వచ్చేదాకా ఒక్క అక్షరం పడలేదు. మనిషి మీద రిపోర్టు ఎలా రాయాలో అతనికి తెలియదు.

బస్సు దిగి ముందు సత్తామ్ ఆఫీసుకు వెళ్ళాడు. వెనక పెరట్లో, సముద్రం గాలి నేరుగా కొట్టేచోట, గుడ్డ కప్పిన కారు ఉంది. కండువా పరుచుకుని కిందికి దూరాడు. మూడు మూలలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. నాలుగో మూలలో, తను గీకిన మేరకు, సరిగ్గా ఆ అరచేయంత మేరకు, ఎర్రగా తుప్పు లేచింది. ఉప్పు చల్లే దేశంలో యాభై ఏళ్ళు రాని తుప్పు. వేలితో తాకితే పొడి రాలింది. మిత్కాల్ అక్కడే పడుకుని, కళ్ళలోకి నీళ్ళు వస్తే తుడుచుకోకుండా, జేబులోంచి పెన్ను తీశాడు. ఇది రాయడం అతనికి తెలుసు.

సత్తామ్ ఇంట్లో అతన్ని కూర్చోబెట్టారు. వచ్చినవాడు ఎవరైనా కాఫీ పోయకుండా ఉండరు కదా. సత్తామ్ స్వయంగా చిన్న కప్పులో పోసి అందించాడు. మొహం వైపు చూడకుండా అందించాడు. మిత్కాల్ కప్పు తీసుకుని, తాగకుండా ఎదురుగా బల్ల మీద పెట్టాడు. ఇక్కడి ఆచారంలో అడగాల్సింది ఉన్నవాడు ముందే కాఫీ తాగడు. ఇచ్చేదేమిటో తేలాకే తాగుతాడు. మామూలుగా ఇలాంటి పనికి పదిమంది పెద్దల్ని వెంటబెట్టుకుని వస్తారు. అతను ఒక్కడే వచ్చాడు. తప్పు చేసినప్పుడు పదిమంది ఉన్నారు, ఒప్పుకునేటప్పుడు వాళ్ళ వెనక దాక్కోవడం ఎందుకనుకున్నాడు.

ముందుగా, ఆ రెండువేలూ పెట్టిన కవరు జేబులోంచి తీశాడు. గుమ్మంలో నిలబడ్డ ఫిద్దా, "అది లోపల పెట్టు," అంది. అతను పెట్టేశాడు. తర్వాత ఫారం తీసి సత్తామ్ చేతికిచ్చాడు.

"నీ మీద రాయమన్నావు. అది నా చేత కాలేదురా. కారు మీద రాశాను."

సత్తామ్ నిలబడే చదివాడు. ముందు కుడి, జయ్యిద్. ముందు ఎడమ, జయ్యిద్. వెనక కుడి, జయ్యిద్. వెనక ఎడమ దగ్గర ఆగాడు. అక్కడ ఇలా ఉంది: ‘తుప్పు. బండిది గానీ, అమ్మినవాడిది గానీ, తెచ్చినవాడిది గానీ తప్పు లేదు. పరీక్షకుడు అక్కర్లేకుండా గీకినందువల్ల వచ్చింది.’ కింద రిమార్కుల గడి ఖాళీగా ఉంది. దాని కింద, ముప్పై ఆరేళ్ళు మిత్కాల్ అని రాసినచోట, అబూ సత్తామ్ అని రాసి ఉంది.

సత్తామ్ ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గోడవైపు చూస్తూ మాట్లాడాడు.

"ఆ జనవరి నీకు గుర్తుందో లేదో. బస్టాపులో వాన. నువ్వు కోటు విప్పి నా మీద కప్పావు. అప్పుడే అనుకున్నాను, ఈయనకు ఆ పచ్చ కారు నేను కొనిస్తానని. ఊరికే ఇస్తే పుచ్చుకోవు. తక్కువకొచ్చిందంటే అనుమానిస్తావు. ముప్పై ఏళ్ళు ఆలోచించాను బావా, నువ్వు పట్టుకోలేని అబద్ధం ఒక్కటి దొరుకుతుందేమోనని. దొరకలేదు."

"పట్టుకున్నందుకే సిగ్గుపడుతున్నా," అన్నాడు మిత్కాల్.

"ఆ మూల సంగతి నాకొదిలెయ్. మంచి పెయింటరున్నాడు."

"వద్దు. తుప్పు తీసి మైనం పూస్తాను, నేనే. ముసలాయన ఏటా పూసినట్టు."

"పూస్కో. కానీ అక్కను బస్సులో తీసుకెళ్ళావంటే మాత్రం ఒప్పుకోను. రెండే సీట్లున్నాయి, సరిగ్గా మీ ఇద్దరికీ."

"నా జుట్టంతా చెదిరిపోదూ ఆ కప్పు లేని బండిలో," అంది ఫిద్దా. అప్పటికే సంచీ భుజాన వేసుకుని ఉంది.

సత్తామ్ వంగి బల్ల మీది కప్పు తీసి చూశాడు. చల్లారిపోయింది. దాన్ని కిటికీలోంచి పారబోసి, దల్లా కూజాలోంచి వేడిది మళ్ళీ పోసి రెండు చేతులతో అందించాడు.

"తాగు బావా."

మిత్కాల్ కప్పు అందుకున్నాడు. అలవాటు కొద్దీ చెయ్యి దాన్ని వెలుతురు వైపు వంచబోయింది. సగంలో ఆగింది. లోపలికి చూడకుండా తాగేశాడు.